సార్ త్రిభుజం

కొత్తగా లెక్కల టీచర్లయిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రిటైరైన వాళ్ళను మాట్లాడమంటే సాధారణంగా తమకొచ్చిన అవార్డుల గురించి చెబుతారు. నాకు అవార్డులేవీ రాలేదు. సర్వీసు మొత్తానికి ఒక్క మందలింపు మెమో వచ్చింది. దాని గురించే చెబుతాను. ఎందుకంటే అది గుర్తుకొస్తే ఇప్పటికీ అన్నం తింటూ తింటూ నవ్వొచ్చి పొలమారుతుంది. మా ఆవిడ "మల్ల త్రిభుజం యాదికొచ్చిందా?" అంటూ మంచినీళ్ళ గ్లాసు ముందుకు తోస్తుంది.

మాది స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లె. సర్వీసు చివరి ఏళ్ళలో నాకు కొత్తగూడ అడవి వైపు ఒక హైస్కూల్లో పోస్టింగు పడింది. అక్కడే గది తీసుకుని, శనివారం సాయంత్రం రెండు బస్సులు మారి ఇంటికొచ్చేవాణ్ణి. మా బడి పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే లంబాడి పిల్లలు. మిగతావాళ్ళలో ఎక్కువమంది కోయ పిల్లలు. ఇంట్లో ఒక భాష మాట్లాడతారు, బడికొచ్చి తెలుగు నేర్చుకుంటారు, ఆ తర్వాత నేను వెళ్ళి లెక్కల తెలుగు అనే మూడో భాష నెత్తిన పెడతాను. లవం, హారం, కర్ణం, వర్గమూలం! మీరే చెప్పండి, ఈ మాటలు ఏ ఇంట్లో ఎవరు మాట్లాడుకుంటారు?

పోనీ లెక్కలు రానివాళ్ళు వదిలేసి ఇంకోటి చదువుకోవచ్చా అంటే అదీ లేదు. లెక్కలు తప్పనిసరి. పదో తరగతిలో అన్నీ గట్టెక్కినా ఆ ఒక్కటి పోతే చదువు అక్కడే ఆగిపోతుంది. ఆడపిల్లయితే మరుసటి వారమే మిరపకాయలు ఏరడానికి పోతుంది, రెండేళ్ళలో పెళ్ళి. ఇది నేను ఎన్నిసార్లు చూశానో. సోషల్ తప్పిన పిల్లలు ఏడుస్తారు. లెక్కలు తప్పిన పిల్లలు ఏడవరు, ముందే తెలిసినట్టు తల ఊపి వెళ్ళిపోతారు. నాకు వాళ్ళ మీద కోపం వచ్చేది, నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చేది.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద బొమ్మ గీసి, "ఇది లంబకోణ త్రిభుజం" అన్నాను. రెండు నెలలుగా నేనేం చెప్పినా ఉలుకూ పలుకూ లేని క్లాసు అది. అలాంటిది మూడో వరుసలో ఎర్ర రిబ్బన్ల పిల్ల లేచి నిలబడింది.

"సార్, గిది మా లంబాడోళ్ళ కోణమా?"

కాదమ్మా, లంబం అంటే నిట్టనిలువుగా ఉండేది అని చెప్పాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల మొహం చూడండి, పుస్తకంలో మొదటిసారి తన ఊరి పేరు కనబడినట్టు వెలిగిపోతోంది. నోరు జారాను.

"ఔ బిడ్డా, మీదే."

అంతే! తండా పిల్లలు బెంచీలు చరిచారు. వెనక బెంచీలో ముగ్గురు కోయ పిల్లలు ఒకేసారి లేచారు.

"గట్లెట్ల సార్? మరి మాదేది?"

ఇప్పుడు వెనక్కి తగ్గలేను కదా. సమద్విబాహు త్రిభుజం గీశాను. "గిదిగో, రెండు పక్కలు సమానం. మీ ఇండ్ల కప్పు ముంగట నుంచి చూస్తే గిట్లనే ఉంటది గద. గిది కోయ త్రిభుజం." వాళ్ళు తలలు పక్కకు వంచి బొమ్మను కాసేపు పరీక్షించి, సరేనన్నారు. ముందు బెంచీలో ఒక క్రైస్తవ కుటుంబం పిల్ల ఉండేది. ఆమెకు ఏ పక్కకు ఆ పక్క వేరుగా ఉన్న విషమబాహు త్రిభుజం మిగిల్చాను. ఆ పిల్ల మూతి ముడిచింది.

"మాకెందుకు సార్ గీ వంకరది? మేం ముగ్గురం అక్కచెల్లెండ్లం, ముగ్గురం ఒక్క తీరే ఉంటం. మాకు మూడు పక్కలు సమానమున్నది ఇయ్యుండ్రి."

సమబాహు త్రిభుజం అలా అక్కచెల్లెండ్ల త్రిభుజం అయింది. మరి వంకరది ఎవరికి? క్లాసంతా నా వైపే చూసింది. "సరే, అది నాది" అన్నాను. అదే సార్ త్రిభుజం. ఆ రోజు వాళ్ళు నవ్విన నవ్వుకి పక్క క్లాసు సోషల్ టీచరు వచ్చి, "ఏందన్నా, లెక్కల పీరియడా, సర్కస్సా?" అని అడిగి వెళ్ళింది.

ఆ తర్వాత నా క్లాసు మారిపోయింది. "సార్, గీ లెక్కకు కోయోళ్ళది కావాలె", "ఏయ్, మా త్రిభుజం మంచిగ గియ్యి, వంకర పోతున్నది" అంటూ వాళ్ళలో వాళ్ళే తిట్టుకుంటూ లెక్కలు చేసేవాళ్ళు. లంబాడి త్రిభుజంలో కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానం అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు. పుస్తకంలో పేర్లు కూడా చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను. ఎంత గట్టిగా చెప్పానో మాత్రం ప్రమాణం చేయలేను, ఎందుకంటే నాకు కూడా మా పేర్లే ముద్దుగా ఉండేవి.

వాళ్ళు పదో తరగతిలోకి వచ్చేసరికి నాకు జఫర్‌గఢ్ వైపు బదిలీ అయింది. అడిగి చేయించుకున్నదే. బస్సులు మారి మారి నడుం పోయింది. నేను వెళ్ళాక నా స్థానంలో చాలా నెలలు ఎవరూ రాలేదని తెలిసింది. లెక్కల టీచరు లేకుండా పదో తరగతి! అది విన్న రోజు ఇంట్లో అందరి మీదా ఊరికే అరిచాను.

ఆ ఎండాకాలం జనగామలో స్పాట్ పడింది. మీకు తెలుసు, స్పాట్ అంటే పదో తరగతి జవాబు పత్రాలు దిద్దే క్యాంపు. ఏ పత్రం ఏ బడిదో ఎవరికీ తెలియకుండా కోడ్ నంబర్లు వేసి, వేరే జిల్లాల పత్రాలు కట్టలు కట్టి ఇస్తారు. మేం ఎర్ర పెన్నుతో దిద్దుతాం, మా టేబుల్ పెద్ద ఆకుపచ్చ పెన్నుతో మళ్ళీ చూస్తాడు. ఆయన్ని చీఫ్ అంటాం. మా చీఫ్ ఒక హెడ్‌మాస్టరు. నవ్వితే మార్కులు పోతాయేమో అన్నట్టుండేవాడు. నా పక్క కుర్చీలో భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక చెల్లె. చేతి వేగం, నోటి వేగం రెండూ ఎక్కువే.

మూడో రోజు పొద్దున ఒక పత్రం తెరిచాను. మూడు బిందువులిచ్చి, వాటిని కలిపితే ఏ రకం త్రిభుజం వస్తుందో నిరూపించమన్న ప్రశ్న. సమద్విబాహు లంబకోణ త్రిభుజం రావాలి. అంటే రెండు పక్కలు సమానం, ఒక మూల నిట్టనిలువు. ఆ పత్రంలో దూరాలన్నీ చక్కగా కట్టి, కింద గీత కొట్టి ఇలా రాసి ఉంది: "కావున ఇది లంబాడి త్రిభుజము."

నాకు నవ్వు పొంగుకొచ్చింది. దగ్గినట్టు నటించి కర్చీఫ్ నోట్లో కుక్కుకున్నాను. నా పిల్లలు! మా పాత బడి కట్ట నా టేబుల్ మీదికొచ్చింది! సంతోషంతో ఎవరికైనా చెప్పాలనిపించింది. కానీ గుర్తుపట్టానని చెబితే రూల్సు ఒప్పుకోవు. నోరు మూసుకుని, లెక్కకు మార్కులు వేసి, పేరు దగ్గర అర మార్కు కోసి పక్కన పెట్టాను.

పది నిమిషాలు కాలేదు. పక్కనుంచి చెల్లె గొంతు వినిపించింది.

"అన్నా, గిదేంది? 'కావున ఇది కోయ త్రిభుజము' అట! నేను ముప్పై పుస్తకాలు చదివిన, కోయ త్రిభుజం యాడ చూడలే."

ఆ వెనక కుర్చీ ఆయన అందుకున్నాడు. "నాకూ వచ్చింది మేడం, లంబాడి త్రిభుజం." ఇంకొకాయన "నాకు రెండు" అన్నాడు. క్షణాల్లో మా టేబులంతా గుసగుసలు. చీఫ్ లేచి వచ్చి ఆ పత్రాలన్నీ ముందేసుకున్నాడు. ఒక్కొక్కటి తిప్పుతుంటే ఆయన మొహం నల్లబడింది.

"ఒక్కని పేపర్ల ఉంటె తప్పు అనుకుందుము. కట్ట మొత్తం గిదే తప్పు రాసిండ్రంటె ఎవడో బయట నుంచి చిట్టీలు పంపిండు. మాస్ కాపీయింగ్. గియ్యాల్నే రిపోర్ట్ రాస్త, సెంటర్ మొత్తం రిజల్ట్ ఆపేస్తరు."

రిజల్ట్ ఆపితే ఆ పిల్లలకు ఇంటర్ అడ్మిషన్లు పోతాయి, ఆ ఏడు పోతుంది. మగపిల్లలయితే కూలికి పోయి మళ్ళీ వస్తారేమో. ఎర్ర రిబ్బన్ల పిల్ల మాత్రం మళ్ళీ రాదు. ఆమె తల్లి పొలం పనుల మధ్యలో బడికొచ్చి, "గీ పోరిని టెన్త్ దాకనే సదివిస్త సార్, పాసైతె ముంగటికి, లేకపోతె లగ్గం" అని నాతో స్పష్టంగా చెప్పింది.

మీకు అబద్ధం చెప్పను. నేను వెంటనే లేవలేదు. హెడ్‌మాస్టర్ ప్రమోషన్ లిస్టులో అప్పుడు నా పేరు పైకొచ్చి ఉంది. ఆ త్రిభుజాలకు పేర్లు పెట్టిన మహానుభావుణ్ణి నేనేనని నలుగురిలో చెబితే పరువుతో పాటు లిస్టు కూడా పోతుంది. టీ వచ్చింది. టీ తాగాను. ఇంకో టీ కూడా తాగాను. సిగ్గులేని పని, కానీ తాగాను.

అంతలో చీఫ్ ఒక పత్రం చేతిలోకి తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇగో, గిదొకటి సూడుండ్రి. 'మూడు దూరాలు మూడు రకాలుగా వచ్చినవి. కావున ఇది సార్ త్రిభుజము.' ఏ సారయ్యా ఈయన?"

హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది. పక్క టేబుళ్ళ వాళ్ళు కూడా లేచి చూశారు. చెల్లె నవ్వు ఆపుకోలేక టేబుల్ మీద తల పెట్టేసింది. ఆ నవ్వుల మధ్యలో నేనెప్పుడు లేచానో నాకే తెలియదు. నిలబడి ఉన్నాను.

"నేనే సార్" అన్నాను.

"ఏంది?"

"ఆ వంకర త్రిభుజం నాది. మిగతా పేర్లు గూడ నేనే పెట్టిన. వాండ్లు నకలు కొట్టలే సార్. నకలు కొట్టాలంటె పుస్తకంల ఉండాలె గద. గిది ఏ పుస్తకంల లేదు, నా నోట్ల తప్ప."

చీఫ్ నన్ను కిందికీ మీదికీ చూశాడు. "పిల్లలను కాపాడేతందుకు కత చెప్తున్నవా?"

"పరీక్ష పెట్టుండ్రి సార్. ఆ కట్ట నేను ముట్ట. చెల్లెనే సూడుమనుండ్రి. యాడనో ఒక కాడ 'అక్కచెల్లెండ్ల త్రిభుజం' అని ఉంటది. మూడు పక్కలు సమానమనుకున్నోళ్ళు రాసి ఉంటరు."

చెల్లె కళ్ళు తుడుచుకుంటూ పత్రాలు తిప్పసాగింది. మూడు దూరాలూ సమానమని తప్పు చేసినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదా! జీవితంలో మొదటిసారి నా శిష్యులు తప్పు చేసి ఉండాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఒకటి తిప్పింది, రెండు తిప్పింది, ఎనిమిదో పత్రం దగ్గర కెవ్వుమంది.

"దొరికిండ్రు! 'కావున ఇది అక్కచెల్లెండ్ల త్రిభుజము!' వర్గమూలం తప్పు తీసింది సార్ పిచ్చిపిల్ల!"

ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు ధైర్యం వచ్చింది. "సార్, ఇంకొకటి సూడుండ్రి. నకలు కొడితె అందరికీ ఒక్కటే జవాబు రావాలె. ఒకరు లంబాడి అన్నరు, ఒకరు కోయ అన్నరు, ఒకరు నా పేరు రాసిండ్రు. ఎవరి తప్పు వాండ్లే చేసుకున్నరు."

చీఫ్ కట్టను దగ్గరికి లాక్కుని తనే ఒక్కొక్క పత్రంలో లెక్క చూడడం మొదలుపెట్టాడు. అర్ధగంట పట్టింది. నిజంగానే ఒకరి లెక్క ఒకరిలా లేదు. చివరి నుంచి రెండో పత్రం దగ్గర ఆయన ఆగిపోయాడు. తర్వాత ఆ పత్రాన్ని నా వైపు తిప్పకుండా తనే పైకి చదివాడు.

"'రెండు భుజాలు సమానము. కర్ణము వర్గము సరిపోయినది. కావున ఈ త్రిభుజము కోయోళ్ళది, లంబాడోళ్ళది, ఇద్దరిది.'"

ఈసారి ఎవరూ నవ్వలేదు. జవాబు అక్షరాలా సరైనది మరి. సమద్విబాహువూ అదే, లంబకోణమూ అదే. ఆ అడవిలో ఎకరం పోడు భూమి దగ్గర కోయ, లంబాడి పెద్దవాళ్ళు తగువు పడడం నేను చూశాను. అది రాసింది పిల్లో, పిల్లవాడో తెలియదు గానీ, మూడు బిందువులు కలిపి ఇద్దరికీ పంచిపెట్టారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

చీఫ్ ఆకుపచ్చ పెన్ను తీశాడు. "లెక్కకు పూర మార్కులు. పేరుకు అర మార్కు కట్. అందరికీ గిదే పద్ధతి. కాపీయింగ్ రిపోర్ట్ లేదు." ఆ తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు బడి పేరు చెప్పకు, నాకు తెల్వొద్దు. కాని రాతపూర్వకంగ ఇయ్యాలె. నీకు మెమో వస్తది, మరి?" అన్నాడు. అంటూనే మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. మహానుభావుడు నవ్వుతున్నాడు!

సర్కారు తెలుగులో నేను రాసిచ్చిన కాగితం ఇంచుమించు ఇలా ఉంటుంది: "లంబకోణ త్రిభుజమును లంబాడి త్రిభుజమనియు, సమద్విబాహు త్రిభుజమును కోయ త్రిభుజమనియు, విషమబాహు త్రిభుజమును సార్ త్రిభుజమనియు నేనే బోధించితిని. అమాయకులగు విద్యార్థులకు సరియైన పేర్లు తెలియవు. ఇందు వారి దోషము ఇసుమంతయు లేదు." క్యాంప్ ఆఫీసరు అది చదివి, ముద్ర వేయబోయి, మళ్ళీ చదివి, బయటికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి ముద్ర వేశాడు.

సాయంత్రం బస్టాండుకు నడుస్తుంటే భూపాలపల్లి చెల్లె నన్ను వదల్లేదు. "అన్నా, నవ్వినం సరే. కాని పిల్లలకు త్రిభుజాలు కులం చొప్పున పంచుతరా ఎవరన్న?" అంది. ఆమె అన్నది నిజం. నేను ముద్దుకు చేసిన పని ఇంకో క్లాసులో, ఇంకో టీచరు చేతిలో ఎంత చెడ్డగా తిరగవచ్చో ఆలోచించలేదు. మీరు మాత్రం అలా చేయకండి. నా పిల్లలు నాకన్నా మంచివాళ్ళు కాబట్టి బతికిపోయాను.

మెమో వచ్చింది. లిస్టులో నా పేరు పక్కకు జరిగింది, నేను లెక్కల టీచరుగానే రిటైరయ్యాను. ఒక నెల బాధపడ్డాను, అబద్ధమెందుకు. అయితే అసలు సంగతి మెమో కాదు. రిజల్ట్ వచ్చిన రోజు మధ్యాహ్నం ఒక ఫోను వచ్చింది.

"సార్, నేను! మీ లంబాడి త్రిభుజం పిల్లను! పాసైన సార్! ఇద్దరు తప్ప అందరం పాసైనం!" ఎర్ర రిబ్బన్ల పిల్ల. వెనకనుంచి పదిమంది గొంతులు. నేను కుర్చీలోంచి లేచి గదిలో చక్కర్లు కొట్టాను. తర్వాత టీచరుని కదా, ఊరుకోలేక, "మరి పేపర్ల పుస్తకంల పేర్లు రాయాలె గద బిడ్డా, మీకు తెల్వదా?" అన్నాను.

"తెల్వకేంది సార్! లంబకోణం, సమద్విబాహు, సమబాహు, విషమబాహు. అన్నీ తెలుసు." గడగడా అప్పజెప్పింది. "కాని పేపర్ మీద మన పేరు రాయొద్దంటరు గద సార్. మీరు దిద్దుతరేమో, మమ్ముల ఎట్ల గుర్తువడతరు? గందుకే హాల్ టికెట్లు ఇచ్చిన నాడే అందరం మాట్లాడుకున్నం. త్రిభుజం వస్తె మన పేర్లే రాయాలని."

నేను మంచం మీద కూలబడ్డాను. అమాయకులగు విద్యార్థులు! సంతకం పెట్టి, ముద్ర వేయించి ఇచ్చానే!

"సార్, ఉన్నరా? మా పేపర్లు మీకే వచ్చినయ్ గద? మీరే పాస్ చేసిండ్రు గద?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు నాకు ఆ మాటలో భయం వినిపించింది. సంతోషం కింద చిన్న భయం. పాసవడం తమ వల్ల కాదని, ఎవరో దయ తలిస్తే అయిందని ఆ పిల్ల అనుకుంటోంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అక్కడ ఒక అబద్ధం ఆడాను. ఇవాళ మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"లేదు బిడ్డా. నాకు రాలే మీ పేపర్లు."

"రాలేదా! మరి మమ్ముల ఎవరు గుర్తువట్టిండ్రు?"

"ఎవ్వరు గుర్తువట్టలే."

"మరి ఎవరు పాస్ చేసిండ్రు సార్?"

"ఎవ్వరు చెయ్యలే. మీరే పాసైండ్రు."

ఆ పిల్ల ఫోను చెవి నుంచి తీసి, "యాడీ!" అని తల్లిని కేకేసి, తన భాషలో గబగబా ఏదో అరిచింది. వెంటనే వెనకున్నవాళ్ళందరూ అరవడం మొదలుపెట్టారు, కొందరు లంబాడిలో, కొందరు కోయలో, కొందరు తెలుగులో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోను పెట్టేయకుండా వింటూ కూర్చున్నాను.